కుమ్మరికి కిరీటం

1871లో ఏథెన్సు నగరానికి వాయవ్య దిశను, డిపిలాన్ అనే ప్రాచీన నగరద్వారం దాపున, భూగర్భంనుండి ఒక మట్టి కూజా బయటపడినది. జానెడు ఎత్తు గల ఆ కూజా క్రీస్తు పూర్వం 740 ప్రాంతానిదని పురాతత్త్వ పండితులు నిర్ణయించారు. కాల్చిన పిమ్మట ఎవరో వాడి మొనతో దాని భుజంచుట్టూ కొన్ని గ్రీకు అక్షరాలు గీచారు. నర్తకులందరిలో ఎవరు మిక్కిలి సుకుమారంగా నాట్యమాడగలరో ఈ పాత్ర వారిది అని ఆ వ్రాతకు స్థూలమైన భావం. గ్రీకు లిపిలో మనకు దొరికిన అతి ప్రాచీనమైన వ్రాతలలో ఇది ఒకటి. నేడు ఆ కూజా ఏథెన్సు జాతీయ పురాతత్త్వ ప్రదర్శనశాలలో ఉన్నది.

ఒక నగరం తన అక్షరాలను మట్టిపాత్ర మీద దిద్దుకొన్నది. ఆ అక్షరాలు ఒక పందెపు మాటను పలికినవి. కుండకు, వ్రాతకు, పోటీకి గల చెలిమి అంత ప్రాతది. ఈనాడు మృణ్మయ కళాకారులకు, రచయితలకు పోటీలు ప్రకటించడం, బహుమతులు ఇవ్వడం అన్ని దేశాలలోను సామాన్యమైనది. అయితే పోటీ వలన కళ పెరుగునా? పోటీలో గెలిచినవాడు బ్రతుకునా? ఓడినవాని గతి ఏమి? ఈ ప్రశ్నలు ఈనాటివి కావు. రెండువేల అయిదువందల సంవత్సరాలకు పూర్వమే ఏథెన్సు నగరం వీటిని ఎదుర్కొన్నది. ఆ నగరంలో కుమ్మరికి, కవికి దొరికిన అవకాశాలు ఎట్టివో, వాటిలో ఏవి నిలిచినవో ఈ ప్రసంగంలో మేము చెప్పదలచినాము.

గ్రీకులు పోటీని గూర్చి తొలినాళ్లనుండి ఆలోచించినవారు. క్రీ.పూ. 700 ప్రాంతంలో నివసించిన హేసియడ్ కవి తన "పనులు, దినములు" అనే కావ్యంలో కలహం రెండు విధాలని చెప్పాడు. ఒకటి యుద్ధాన్ని తెచ్చేది; రెండవది సోమరిని సైతం పనికి పురికొల్పేది. ఈ రెండవ దానికి ఉదాహరణలుగా ఆయన తమ తోటివారితో పోటీపడే వృత్తులవారిని పేర్కొన్నాడు. ఆ వరుసలో కుమ్మరి ఉన్నాడు, వడ్రంగి ఉన్నాడు, భిక్షకుడు ఉన్నాడు, చివరకు కవిగాయకుడు కూడ ఉన్నాడు. కవి తనను కుమ్మరి సరసన నిలుపుకొనడానికి సంకోచించలేదు. అదే కావ్యంలో ఆయన తన అనుభవం కూడ చెప్పుకొన్నాడు. కాల్కిస్ పట్టణంలో ఆంఫిడమస్ అనే వీరుని స్మృత్యర్థం జరిగిన ఉత్సవంలో తాను గానంలో గెలిచి, చెవులు గల ముక్కాలి పాత్రను బహుమతిగా పొంది, దానిని హెలికాన్ పర్వతం మీద కళాదేవతలకు సమర్పించినట్లు వ్రాశాడు. గెలిచిన పాత్రను ఇంటికి తీసికొనిపోక గుడికి ఇచ్చివేయడం ఆ కాలపు మర్యాద.

ఇక్కడ భాషకు సంబంధించిన ఒక ముచ్చట చెప్పక తప్పదు. ఏథెన్సు పాత్రల మీద రెండు విధాలైన సంతకాలు కనబడుతవి. ఫలానావాడు చేసినాడు అనేది ఒకటి. ఫలానావాడు వ్రాసినాడు అనేది రెండవది. మొదటిది సారె త్రిప్పినవాని సంతకం, లేక కర్మశాల యజమాని సంతకం. రెండవది బొమ్మలు తీర్చినవాని సంతకం. గ్రీకు భాషలో అక్షరాలు వ్రాయడానికి, బొమ్మలు వేయడానికి క్రియాపదం ఒక్కటే. ఈ సంగతి ఇతరులకు వింతగా తోచవచ్చును గాని తెలుగువారికి తోచదు. మన పూర్వకవుల భాషలోను పటం వ్రాయడమే, పద్యం వ్రాయడమూ వ్రాయడమే. కుమ్మరి మొల్ల రామాయణం వ్రాసిన భాష మనది. కావున కుండ మీద బొమ్మ వ్రాసినవానిని, తాళపత్రం మీద కథ వ్రాసినవానిని ఒక్క చూపుతో చూడడం మనకు కష్టం కాదు.

డిపిలాన్ ద్వారానికి ఇటునటు వ్యాపించిన పేటకు కెరమైకస్ అని పేరు. గ్రీకులు కుమ్మరిమట్టిని కెరమాస్ అన్నారు. ఈనాడు సిరామిక్స్ అని మనమందరం వాడే మాటకు మూలం అదే. ఎరిడనస్ అనే చిన్న వాగు ఆ పేట గుండా పారేది. కర్మశాలలు, ఆవములు అక్కడివే. నగరానికి ప్రసిద్ధమైన శ్మశానవాటిక కూడ అక్కడిదే. అట్టికా మట్టిలో ఇనుము పాలు ఎక్కువ. అందుచేత కాల్చినప్పుడు అది నారింజ ఛాయ గల ఎరుపు తేరుతుంది. నలుపు కొరకు కుమ్మరులు వేరే రంగు వాడలేదు. అదే మట్టిని నీట కలిపి, తేర్చి, మిక్కిలి సన్నని పూతగా చేసి, దానితోనే బొమ్మలు వ్రాశారు. రహస్యమంతా ఆవములో ఉన్నది. మొదట గాలి ఆడనిచ్చి కాల్చేవారు. వేడిమి తొమ్మిదివందల డిగ్రీల ప్రాంతానికి చేరిన తరువాత గాలి త్రోవలు మూసి పచ్చికట్టె వేసేవారు. అప్పుడు పాత్ర అంతా నల్లబడేది. తిరిగి గాలి వదలగా పాత్ర ఒళ్లు ఎర్రబడేది; గాజువలె బిగిసిన సన్నని పూత మాత్రం నల్లగానే నిలిచేది. ఈ కిటుకు కాలక్రమాన మరుగుపడిపోయినది. 1942లో జర్మన్ రసాయనవేత్త తియొడోర్ షూమన్ దీనిని మరల వివరించి చూపాడు. ఒక్క గడియ తప్పితే నెలల శ్రమ బూడిద అయ్యే పని అది. కుమ్మరి కొడుకులు సారె ముట్టకముందు ఎంతకాలమో చూస్తూ, చేతిసాయం చేస్తూ నేర్చుకొంటారని ప్లేటో తన "రిపబ్లిక్"లో పేర్కొన్నది ఊరకే కాదు.

ఆ పేటలో పోటీ ఎంత గట్టిగా ఉండేదో పాత్రలే చెప్పుతవి. క్రీ.పూ. 6వ శతాబ్దపు నడిమి భాగంలో ఎక్సీకియాస్ అనే మహాశిల్పి ఉండేవాడు. పాచికలాడుచున్న అకిలీస్, అజాక్స్ వీరుల బొమ్మ గల పాత్ర మీద, వ్రాసినదీ చేసినదీ తానేనని అతడు సంతకం చేశాడు. ఆ పాత్ర నేడు వాటికన్‌లో ఉన్నది. క్రీ.పూ. 525 ప్రాంతంలో పద్ధతి తలక్రిందులైనది. ఎర్రని నేల మీద నల్లని బొమ్మలకు బదులు, నల్లని నేల మీద ఎర్రని బొమ్మలు వచ్చినవి. ఈ క్రొత్త పద్ధతిలో చేయి తిరిగిన యూథిమిడీస్ అనే చిత్రకారుడు ఒక పాత్ర మీద ముగ్గురు విలాసపురుషులను వివిధ భంగిమలలో చిత్రించాడు. ఒకడు వీపు మనవైపు త్రిప్పి నడుము మెలివేసి నిలిచినాడు. ఇట్టి పని యూఫ్రోనియస్‌కు ఎన్నడూ చేతకాలేదన్న అర్థం వచ్చే మాటను యూథిమిడీస్ ఆ పాత్ర మీదనే వ్రాసిపెట్టాడు. యూఫ్రోనియస్ అతని సమకాలికుడు, సాటి చిత్రకారుడు. ఆ పాత్రను మ్యూనిక్ నగరంలో ఈనాటికీ చూడవచ్చును. దానిని ఎగతాళి అందామా, చనువు అందామా? ఏదైనను, పని తెలిసినవాడే ఇంకొక పని తెలిసినవానికి పరీక్షకుడైనాడన్నది స్పష్టం. న్యాయనిర్ణేతలు లేని పోటీ అది.

నగరం స్వయంగా పెట్టిన పోటీలలో మొదట చెప్పదగినది పానథీనియా ఉత్సవం. నగరాధిదేవత అయిన ఎథీనాదేవికి నాలుగేండ్ల కొకసారి జరిగే ఈ మహోత్సవం క్రీ.పూ. 566లో ఏర్పడినదని పరంపరగా చెప్పుకొంటారు. అక్కడ హోమరు కావ్యగానంలో గాయకులు పోటీపడేవారు. వీణవంటి కితారా వాద్యం మీద పాడేవారికి వేరే పందెం ఉండేది. క్రీ.పూ. 4వ శతాబ్దపు రాతిశాసనం ఒకటి బహుమతుల పట్టికను మనకు మిగిల్చినది. కితారా గాయకులలో మొదటివానికి 1,000 ద్రాఖ్మాల విలువ గల బంగారు కిరీటం, దానిపైన 500 ద్రాఖ్మాల వెండి. అయిదవ స్థానంలో నిలిచినవాడు కూడ వట్టి చేతులతో పోలేదు. పరుగుపందెంలో గెలిచిన బాలునికి 50 జాడీల నూనె. రెండు గుర్రాల రథం పందెంలో మొదటివానికి 140 జాడీలు, రెండవవానికి 40. ఒక్కొక్క జాడీలో సుమారు 36 లీటర్లకు తగ్గని ఆలివ్ నూనె పట్టేది. అనగా రథం గెలిచినవాని ఇంటికి 5,000 లీటర్ల పవిత్రతైలం చేరేదన్న మాట.

శ్రోతలు ఇక్కడ ఒక విషయం గమనించాలి. ఆ జాడీలను ఎవరు చేశారు? ఉత్సవానికి వెయ్యికి పైగా జాడీలు కావలసి వచ్చేవి. ప్రతి జాడీకి ఒకవైపు ఈటె ఎత్తిన ఎథీనాదేవి, రెండవవైపు ఆ పందెపు దృశ్యం వ్రాయాలి. ఇది ఏథెన్సు క్రీడలలోని బహుమతి అనే మాట విధిగా ఉండాలి. లోకమంతా ఎర్రబొమ్మల పద్ధతికి మారినను ఈ జాడీలకు మాత్రం ప్రాత నల్లబొమ్మల పద్ధతినే ప్రభుత్వం శతాబ్దాల పర్యంతం నిలిపినది. అరిస్టాటిల్ పేర ప్రసిద్ధమైన "ఏథెన్సు రాజ్యాంగం" అనే గ్రంథం 1891లో ఈజిప్టు కాగితపుచుట్టనుండి తొలిసారిగా అచ్చయినది. ఉత్సవ నిర్వహణకు పదిమంది అధికారులు నాలుగేండ్ల కొరకు చీటీల ద్వారా నియుక్తులయ్యేవారని, సభతో కలిసి జాడీలు చేయించడం కూడ వారి విధులలో ఒకటని అందులో ఉన్నది. ఈ పని దక్కిన కర్మశాలకు నాలుగేండ్ల కొకసారి నిశ్చయమైన గిరాకీ దొరికినట్లే. పందెంలో పరుగెత్తేది ఒకడు, గెలుపు పొందేది ఒకడు. ఆ గెలుపును మోసే పాత్ర మాత్రం కుమ్మరిది.

రచయితలకు ఇంతకంటె పెద్ద రంగస్థలం డయొనీసియా ఉత్సవం. వసంత ఋతువులో జరిగే ఆ ఉత్సవంలో ముగ్గురు విషాదనాటక కర్తలు తలకు మూడు విషాదనాటకాలను, ఒక హాస్యరూపకాన్ని ప్రదర్శింపజేసేవారు. ప్రహసనకర్తలకు ప్రత్యేకమైన పోటీ ఉండేది. ఎవరికి అవకాశం ఇవ్వాలో ఆర్కాన్ అనే అధికారి నిర్ణయించేవాడు. దానికి "బృందం ఇవ్వడం" అని పేరు. బృందాన్ని పోషించి, తర్ఫీదు చేయించే వ్యయం ఒక ధనవంతుడు భరించాలి. ప్రహసనకర్తలకు ప్రభుత్వం కొంత పారితోషికం ఇచ్చేది. దానిని తగ్గించిన రాజకీయ నాయకులను అరిస్టొఫేనీస్ క్రీ.పూ. 405లో "కప్పలు" అనే తన నాటకంలో రంగస్థలం మీదనే దెప్పిపొడిచాడు. కవులకు ముట్టే సొమ్ములో కోత విధించడం, కవి దానికి బదులు తీర్చుకొనడం రెండూ ప్రాత అలవాట్లే.

తీర్పు చెప్పే పద్ధతి ఇంకను చిత్రమైనది. నగరంలోని పది తెగలనుండి పలువురి పేర్లు వ్రాసి, తెగకొక కడవలో వేసి, మూతికి ముద్ర వేసి అక్రోపోలిస్ కొండ మీద భద్రపరచేవారు. పోటీనాడు కడవ కొక్క పేరు చీటీ తీసి పదిమందిని న్యాయనిర్ణేతలుగా కూర్చుండబెట్టేవారు. వారి తీర్పులలో కూడ కొన్నిటినే చీటీలు తీసి లెక్కించేవారు. కవి భాగ్యం కుమ్మరి కడవలో ఉండేదన్న మాట. అంత కట్టుదిట్టం చేసినను ఆ కడవలను ఒకసారి ఎవరో దొంగచాటుగా తెరిచినట్లు ఐసోక్రటీస్ వ్రాసిన ఒక వ్యాజ్యప్రసంగంలో ప్రస్తావన ఉన్నది. క్రీ.పూ. 468లో యువకుడైన సోఫొక్లీస్ మొదటిసారి పోటీకి వచ్చి వృద్ధుడైన ఈస్కిలస్‌ను ఎదిరించినప్పుడు సభలో ఉద్రేకం చెలరేగినది. అప్పుడు ఆర్కాన్ చీటీలు మాని, సేనానాయకుడు కైమన్‌ను, అతని తొమ్మండుగురు సహచరులను న్యాయనిర్ణేతలుగా కూర్చుండబెట్టాడని ప్లూటార్క్ చెప్పాడు. గెలుపు సోఫొక్లీస్‌కు దక్కినది.

అయితే తీర్పులన్నీ కాలానికి నిలిచినవా? నిలువలేదు. క్రీ.పూ. 431లో యూరిపిడీస్ "మెడియా" నాటకం ముగ్గురిలో మూడవ స్థానం పొందినది. సోఫొక్లీస్ "ఈడిపస్ రాజు"ను నేడు లోకం శిఖరప్రాయమైన నాటకంగా చదువుకొంటున్నది. అది పోటీలో రెండవదైనది. గెలిచినవాడు ఫిలోక్లీస్, ఈస్కిలస్ మేనల్లుడు. అతడు నూరు నాటకాలు వ్రాశాడని పూర్వులు చెప్పినారు. వాటిలో సంపూర్ణంగా ఒక్కటి కూడ మనకు దక్కలేదు. అందుచేత పోటీ వ్యర్థమని మేము అనబోము. ఆ పోటీయే లేకున్న సోఫొక్లీస్ నాటకానికి బృందం ఎవరు ఇచ్చి ఉండేవారు? ఓడిన నాటకం కూడ ప్రదర్శింపబడినది, వేలమంది చూచినారు. తీర్పు ఒక దినపు మాట. అవకాశం అంతకంటె పెద్ద బహుమతి.

ఆ అవకాశం ఏథెన్సు పౌరులకే పరిమితం కాకపోవడం చెప్పుకొనదగిన మరొక విశేషం. కియోస్ ద్వీపంనుండి వచ్చిన అయాన్ అనే కవి ఏథెన్సు నాటకోత్సవంలో గెలిచి, ఆ సంతోషంతో ప్రతి ఏథెన్సు పౌరునికి ఒక జాడీ కియోస్ ద్రాక్షసారాయం పంచిపెట్టాడని తరువాతి రచయిత అథీనియస్ వ్రాశాడు. కుమ్మరిపేటలోను పరదేశీయులు అనేకులు. అమాసిస్ అనేది ఈజిప్టు రాజుల పేరు. స్కితీస్ అనగా స్కితియా దేశీయుడు. క్రీ.పూ. 6వ శతాబ్దపు చివరి భాగానికి చెందిన ఒక పాత్ర మీద లిడస్ అనే చిత్రకారుడు తాను దాసుడనని చెప్పుకొని మరీ సంతకం చేశాడు. సభలో నోరెత్తి మాట్లాడే హక్కు లేనివాడు కుండ మీద తన పేరు వ్రాసుకొన్నాడు. నికోస్థనీస్ అనే మరొక కుమ్మరి ఇటలీలోని ఎట్రస్కనుల అభిరుచిని కనిపెట్టి, వారి దేశపు పాత్రల ఆకృతినే ఏథెన్సులో చేయించి ఓడల మీద పంపాడు. అతని సంతకం గల పాత్రలు నూటికి పైగా దొరికినవి. పోటీ బహుమతి ఒక మార్గం. సంత మరొక మార్గం. నేర్పరి రెంటినీ వదలలేదు.

కుమ్మరులకు నగరం ప్రత్యేకంగా పోటీలు పెట్టినదా అనే సందేహానికి ఒక సమాధిశిల జవాబు చెప్పుతున్నది. అది క్రీ.పూ. 4వ శతాబ్దానికి చెందినది, బాక్కియస్ అనేవాని సమాధి మీదిది. మన్నును, నీటిని, నిప్పును తన కళతో ఏకం చేసే పనివారిలో అతడు ప్రథముడని గ్రీసు దేశమంతా అంగీకరించినదని, నగరం ఏర్పరచిన పోటీలన్నిటిలోను అతడు కిరీటం గెలిచినాడని ఆ శిల మీద చెక్కి ఉన్నది. మన్ను, నీరు, నిప్పు కలిపే విద్య కుమ్మరిదే గదా. క్రీ.పూ. 375 నాటి పానథీనియా జాడీ మీద బాక్కియస్ అనే పేరుతో కుమ్మరి సంతకం ఉన్నది. ఇద్దరూ ఒక్కరేనని పండితుల అభిప్రాయం. ఉత్సవపు జాడీలు చేసే పనిని అప్పగించడానికే ఇట్టి పోటీలు జరిగి ఉంటవని వారి ఊహ. కవికి వేసిన కిరీటాన్ని నగరం కుమ్మరి తలమీద కూడ పెట్టినదన్న మాట. చేతిపనివారిని తక్కువగా చూచే తత్త్వవేత్తలు ఆ నగరంలోనే ఉన్నారని తలచినప్పుడు ఈ గౌరవం విలువ మనకు బోధపడుతుంది.

కథ అక్కడితో ముగియలేదు. కాలం మారినది. క్రీ.పూ. 4వ శతాబ్దపు చివరికి బొమ్మల పాత్రల వాడుక సన్నగిల్లినది. కలవారి ఇండ్లలో వెండి పాత్రలు, వాటిని అనుకరించే నల్లని నునుపు పాత్రలు ఆదరణ పొందినవి. ఆ రోజులలో ఆసియా తీరానగల ఎఫెసస్ నగరసభ చేసిన ఒక తీర్మానం రాతి మీద దొరికినది. ఏథెన్సు వాస్తవ్యులైన కిట్టస్, బాక్కియస్ అనే ఇద్దరు, బాక్కియస్ కుమారులు, నగరానికి కావలసిన నల్లని పాత్రలను, దేవికి సమర్పించే కడవను శాసనం నిర్ణయించిన ధరకు చేసిపెట్టడానికి ఒప్పుకొన్నారని, ఆ పని చేస్తూ నగరంలో ఉన్నంతకాలం వారు పౌరులుగా ఉండవచ్చునని దాని సారాంశం. తండ్రి గెలిచిన కిరీటాలు కొడుకులకు స్వగ్రామంలో అన్నం పెట్టలేకపోయినవి కాబోలు. కాని ఆ కుటుంబం చేతిలోని విద్య వారికి సముద్రం ఆవల పౌరసత్వం సంపాదించిపెట్టినది.

ఇప్పుడు కవిని, కుమ్మరిని ప్రక్కప్రక్కన నిలిపి చూద్దాము. నాటకోత్సవాలలో గెలిచిన కవుల పేర్లను ఏథెన్సు నగరం రాళ్ల మీద చెక్కించినది; అరిస్టాటిల్ ఆ వివరాలను సేకరించి గ్రంథం చేశాడు. పేర్లు మిగిలినవి గాని నాటకాలు నశించినవి. సోఫొక్లీస్ నూటయిరువదికి పైగా వ్రాసినవాటిలో మనకు సంపూర్ణంగా దక్కినవి ఏడు. కుమ్మరి సంగతి దీనికి సరిగా విరుద్ధం. ఆక్స్‌ఫర్డులోని బీజ్లీ భాండాగారం లక్షకు పైగా పాత్రల వివరాలను సేకరించి ఉంచినది. పాత్రలు మిగిలినవి, చేసినవారి పేర్లు చాలవరకు నశించినవి. సంతకం లేని పాత్రలలో రేఖలు తీర్చిన తీరునుబట్టి ఒక్కొక్క చేతిని గుర్తించి, బెర్లిను చిత్రకారుడు, అకిలీస్ చిత్రకారుడు అని కల్పిత నామాలు పెట్టడానికి జాన్ బీజ్లీ అనే ఆంగ్ల పండితుడు తన జీవితమంతా వెచ్చించాడు. ఆయన 1970లో కాలధర్మం చెందారు. మాట గాలిలో కలియకుండ వ్రాతప్రతి కావాలి. మట్టి ఒకసారి కాలిన తరువాత పగిలినను పెంకుగా నిలుస్తుంది.

కళాకారులకు పోటీలు పెట్టేవారు ఈ వృత్తాంతంనుండి గ్రహించదగిన విషయాలు కొన్ని ఉన్నవని మాకు తోచుచున్నది. ఏథెన్సు బహుమతి వెనుక నిలకడగా దొరికే పని ఉన్నది. అయిదవవానికి కూడ కొంత ముట్టినది. పరదేశీయునికి, దాసునికి సైతం పని చేసి పేరు వ్రాసుకొనే చోటు ఉన్నది. తీర్పు తప్పినను ఓడిన కృతి లోకం ఎదుటికి వచ్చినది. ఈ నాలుగూ లేని పోటీ ఒక దినపు సంబరమే అవుతుంది.

బాక్కియస్ తలకు చుట్టిన ఆకుల కిరీటాలు ఏనాడో ఎండి రాలిపోయినవి. మీరు ఇక్కడనే ఉండి మా కొరకు పాత్రలు చేయండి, మాలో ఒకరు కండి అని ఎఫెసస్ పౌరులు అతని కొడుకులకు ఇచ్చిన మాట మాత్రం రాతి మీద ఈనాటికీ చదువుకొనవచ్చును.